ఐసును మంచన్నదెవరు?

మొన్న మధ్యాహ్నం మా చెరుకురసం బండి దగ్గర ఒకాయన ఫోన్ చూస్తూ నిలబడ్డాడు. ఫోన్‌లో వార్తలు వస్తున్నాయి. అంటార్కిటికా ఖండంలో ఒక పెద్ద మంచుకొండ విరిగి సముద్రంలో పడిందట. ఆయన గ్లాసు నోటి దగ్గర పెట్టుకొని పక్కనున్న మనిషితో అన్నాడు.

"ఆడ మనుషులే ఉండరంట. ఇరిగితే మనకేంది, కరిగితే మనకేంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న చెరుకు గడను మిషన్‌లోకి ఎంత గట్టిగా తోశానంటే అది అడ్డంగా ఇరుక్కుంది. మా ఆయన మోటారు ఆపి నా మొహం చూశాడు.

"మనకేంది అంటవేందన్నా? తెలిస్తే మాట్లాడు. తెల్వకుంటె రసం తాగు" అన్నాను.

"ఏందక్కా, నీకేమన్న ప్లాటుందా ఆడ?"

"నాకు లేదు. మా పెద్దమ్మకుండె."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుకుంటూనే బస్టాండు వైపు వెళ్లిపోయారు. మా ఆయన ఇరుక్కున్న గడను లాగుతూ "గిరాకీ మీద పడతవేందే" అని గొణిగాడు. రాత్రి వంట చేస్తున్నా నా కోపం పోలేదు. అందుకే రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఇప్పటిదాకా ఏదీ రాసింది లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కోపం దగ్గరే మొదలుపెట్టాను. ఈ కోపం నాది కాదు. పెద్దమ్మ నుంచి నాకు అంటుకున్నది.

ఆమె నాకు సొంత పెద్దమ్మ కాదు. మానవపాడు దగ్గర మా తల్లిగారి ఊళ్లో, మా వాడకట్టు మొత్తానికి ఆమె పెద్దమ్మే. పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు కుడిచేయి వంచి, వేళ్లు ముడిచి, కొడవలి పట్టుకున్నట్టే పెట్టేది. చేతిలో కొడవలి లేకపోయినా సరే. ప్రతి మాటకూ ఆ చేత్తో గాలిని ఒకసారి కోసేది. ఎదురుగా నిలబడ్డ వాళ్లు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లు.

ఆమె నోట్లో ఒక మాట ఎప్పుడూ ఉండేది. "గిదేం ఇన్సాఫు?" అని, అంటే ఇదేం న్యాయం అని. బస్సు ఆపకుండా పోతే గిదేం ఇన్సాఫు. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే గిదేం ఇన్సాఫు. మేక వచ్చి పక్కింటి వాళ్ల గడ్డి వదిలేసి ఈమె గడ్డే తింటే, మేకను కొట్టేది కాదు, దాని చెవి పట్టుకొని మొహంలో మొహం పెట్టి అడిగేది, "నువ్వే చెప్పు, గిదేం ఇన్సాఫు?" అని. మేము చిన్నపిల్లలం ఆమె వెనకాల ఆ మాటే అంటూ తిరిగేవాళ్లం. ఆమె తిరిగి చూసి, "అనుండ్రి, అనుండ్రి. పెద్దగయినంక గిదే పనికొస్తది" అనేది.

ఊరి బయట ఒక నల్లరేగడి ముక్కను ఆమె కౌలుకు చేసేది. నేను పుట్టక ముందు నుంచీ చేస్తోంది. భూమి ఒక ఆసామిది. దున్నింది, విత్తింది, కలుపు తీసింది, కావలి కాసింది ఈమె. మొగుడు చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఆమెకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. బతికి ఉన్నన్నాళ్లు ఏటా ఆ ముక్కలో శనగ వేయాలి. అంతకు మించి ఆమె ఏదీ అడగగా నేను వినలేదు.

మా దిక్కు శనగకు నీళ్లు పెట్టరు. వానాకాలం భూమిని ఖాళీగా ఉంచి, వానలు వెనక్కి పోయాక విత్తుతారు. నల్లరేగడి తన కడుపులో దాచుకున్న తడితో గింజ మొలుస్తుంది. ఆ తర్వాత పైరును నిలబెట్టేది మంచే. రాత్రంతా సన్నగా పడి, తెల్లారేసరికి ఆకుల మీద ముత్యాల్లాగా నిలిచే మంచు. మేము చిన్నప్పటి నుంచి మంచు అంటే దాన్నే అనుకున్నాం. ఇంకొకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

శనగాకు మీద పడ్డ మంచు పుల్లగా మారుతుంది. పెద్దమ్మ సాయంత్రం పోయి మొగుడి పాత ధోతిని పైరు మీద పరిచి వచ్చేది. పొద్దు పొడవక ముందే పోయి ఆ తడి ధోతిని గిన్నెలోకి పిండేది. ఆ పుల్లటి నీళ్లను సీసాలో పోసి పెట్టుకునేది. దాన్ని 'హుళి' అనేది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, కన్నడ మాట. ఎవరికి కడుపు నొప్పి వచ్చినా రెండు చుక్కలు నీళ్లలో కలిపి తాగించేది. ఆ పులుపుకు ఆమె చీర అంచులు ఎప్పుడూ రంగు పోయి, చిల్లులు పడి ఉండేవి. పగిలిన మడమలకు ఆ తడి తగిలితే కారం పూసినట్టు మండుతుంది. అయినా చెప్పుల్లేకుండానే పోయేది. "చెప్పులేస్కొని పోతే పైరుకు కోపమొస్తది" అనేది.

అయిదో తరగతి అయిపోయాక మా అమ్మ నన్ను బడి మాన్పించింది. ఆ చలికాలం నేను పెద్దమ్మ చేనులో కూలికి పోయాను. కూరకు శనగాకు చివర్లు గిల్లే పని. అయిదారుగురు ఆడవాళ్లం వరసగా కూర్చొని గిల్లుతుంటే ఆమె నన్ను అడిగింది.

"బడిల ఏం చెప్పిండ్రే పిల్లా నీకు? గన్నేండ్లు పోతివి గద."

నాకు బాగా గుర్తున్న పాఠం ఒకటే. "ఏడు ఖండాలు చెప్పిండ్రు" అన్నాను.

"ఖండాలంటే?"

"భూమి ముక్కలు."

"ఎవలు పంచుకున్నరు? అన్నదమ్ములా?"

"ఎవలు పంచుకోలే. అట్లనే ఉన్నయి."

"పంచకుండ ముక్కలెట్లయితయి? నీకు సక్కగ చెప్పలే. సరే, చెప్పు."

నేను వేళ్ల మీద చెప్పాను. మనముండేది ఆసియా, అన్నిటికంటే పెద్దది. తర్వాత ఆఫ్రికా. అట్లా చెప్పుకుంటూ చివరికి వచ్చాను. "అన్నిటికన్న కింద, దక్షిణం దిక్కు అంటార్కిటికా. ఆడ మనుషులుండరు. అంతా మంచేనంట."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మంచుంటదా? ఎన్ని దినాలు?"

"ఏడాదంత."

"ఎండకాలం గూడ?"

"ఎండకాలం గూడ."

"ఏడాదంత మంచుంటే మనుషులెందుకుండరు? శనగ వేస్తే ఎట్లొస్తదో ఎరికేనా ఆడ! ఏందీ, పేరేమన్నవు? అంటర్‌కాటిక?"

పక్కనున్న ఒకామె తల ఎత్తింది. "కాటికా? ఎవలు పోయిండ్రు పెద్దమ్మా?"

"నీ అత్త పోయింది. సంబురపడి ఆగకు, గిల్లు." అందరూ నవ్వుతుంటే ఈమె మాత్రం నవ్వలేదు. కొడవలి చేయి లేచింది. "గుంపుమేస్త్రి మనల్ని పూనా తీస్కపోయిండు, బొంబాయి తీస్కపోయిండు. తట్టలు మోపిచ్చిండు, రాళ్లు కొట్టిచ్చిండు. గాడికి ఎందుకు తీస్కపోలే? మంచు పడే భూమిని బీడు పెట్టిండ్రా? గిదేం ఇన్సాఫు?"

గుంపుమేస్త్రి అంటే కరువు వచ్చినప్పుడు మా ఊళ్ల నుంచి కూలీలను లారీల్లో ఎక్కించుకొని పోయేవాడు. ఆమె కూడా అట్లా చాలా ఊళ్లు తిరిగి, చాలా మట్టి మోసి వచ్చింది. లోకమంటే ఆమెకు లారీ ఆగిన చోట్లే. అంత తిరిగినా లారీ ఆగని ఒక ఖండం ఉందని, అక్కడ నిండా మంచు పడుతుందని, ఒక్కడూ గింజ వేయడని ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఆమె ఆ ఖండాన్ని విడిచిపెట్టలేదు. మంచు తక్కువ పడ్డ ఏడు, "అంతా అంటర్‌కాటికకే పోయింది" అనేది. బాగా పడ్డ ఏడు, "ఈసారి జర మనకు గూడ పంపింది" అనేది. నా కళ్ల ముందు కూడా అట్లాగే ఉండేది. చూపు ఆనినంత దూరం నల్లరేగడి, దాని మీద తెల్లగా మంచు, ఒక్క మనిషి లేడు.

నన్ను గద్వాలకు ఇచ్చారు. మా ఆయనది చెరుకురసం బండి. చలికాలం వచ్చిందంటే పెద్దమ్మ మానవపాడులో పాసింజరు ఎక్కి, పచ్చి శనగ కట్టలు మూట కట్టుకొని వచ్చేది. మా బండి నీడలో కూర్చొని అమ్ముకునేది. కొంగులో దాచిన హుళి సీసా తీసి నాకిచ్చేది. మా ఆయనను చూసి, "అల్లుడా, నా బిడ్డను సక్కగ చూస్తున్నవా, ఈ మిషిన్ల పెట్టి తిప్పుతున్నవా?" అని అడిగేది. ఆయన ఆమెకు ఎదురు చెప్పేవాడు కాదు. ఐసు తగ్గించి, నిమ్మకాయ ఎక్కువ పిండి ఒక గ్లాసు చేతికిచ్చేవాడు.

మా బండి దగ్గరికి రోజూ ఒక సారు వచ్చేవాడు. కాలేజీలో పాఠాలు చెప్పి, ఆత్మకూరు బస్సు కోసం చూస్తూ ఒక గ్లాసు తాగేవాడు. మంచి మనిషి. ఆయన పుస్తకాలు చదువుతాడని తెలిసి పెద్దమ్మ ఒక రోజు అడిగేసింది.

"సారూ, అంటర్‌కాటికల ఇప్పుడన్న శనగ వేస్తున్నరా?"

సారుకు పొలమారింది. "ఆడ ఏం మొలుస్తదవ్వా? అంతా మంచు గద."

"మంచుంటేనే గద మొలిచేది."

సారు కొంచెంసేపు ఆమె మొహం చూశాడు. అప్పుడు ఆయనకు అర్థమైంది. గోనెసంచి కింద ఉన్న మా ఐసుగడ్డ మీద చేయి పెట్టాడు. "మంచంటే నువ్వనుకునేది కాదవ్వా. గిదిగో, గిది."

"గిది ఐసు."

"ఆ, ఐసే. పుస్తకాలల్ల దీన్నే మంచంటరు."

"ఎందుకంటరు?"

సారు తడి చేతిని రుమాలుకు తుడుచుకున్నాడు.

"ఐసయితే ఐసని రాయొద్దా? మంచంటే పొద్దుగాల ఆకు మీద ఉండేది. నా ధోతిల పిండేది. నా శనగకు పాలిచ్చే తల్లసొంటిది. గా మాటను తీస్కపోయి, మాకు తెల్వని రాయసొంటి దానికి పెట్టి, మళ్ల మాకే పాఠం చెప్తరా? ఐసును మంచన్నదెవలు సారూ?"

"పెద్దోళ్లు ఎప్పుడో రాసిండ్రవ్వా. నేను కాదు."

"నువ్వు చదివినప్పుడు అడగొద్దా మరి? గిదేం ఇన్సాఫు?"

నాకూ కోపం వచ్చింది. ఆ మాట నేను కూడా బడిలో విన్నదే కదా. మా పంతులు చలికాలం తెల్లవారుజామున లేచి ఒక్కసారి మా చేలల్లోకి వచ్చి ఉంటే, మంచు అన్నప్పుడు మా తలకాయల్లో ఏం కనిపిస్తుందో తెలిసేది. ఇన్నేళ్లు పెద్దమ్మ తన మనసులో ఒక ఖండాన్ని దున్ని, విత్తి, పైరు పెంచింది. ఒక్క మాటతో అంతా ఎండిపోయింది.

ఆమె ఏదో బాధపడుతుందని సారు ఇంకా చెప్పుకుంటూ పోయాడు. ఆ ఖండం మీద ఐసు కొండలంత మందంగా ఉంటుందట. లోకంలో ఉన్న మంచినీళ్లలో సగం కంటే చాలా ఎక్కువ అక్కడే గడ్డకట్టి ఉన్నాయట.

"మంచినీళ్లా? తాగేటియా?" అంది పెద్దమ్మ.

"తాగేటియే."

"ఎవలకిస్తది?"

"ఎవలకియ్యది. గట్లనే ఉంటది."

"మేమీడ ట్యాంకరు ఎంట బిందెలు పట్టుకొని ఉరికితిమి. తాగేటి నీళ్లు గన్ని పెట్టుకొని, ఒక్కనికి చుక్క పొయ్యదా? లుచ్చా ఖండం!" ఆమె గోనెసంచి లాగి ఐసుగడ్డను పూర్తిగా కప్పేసింది. "దీని మొకం నాకు సూపకు పిల్లా."

ఆ రోజు ఆమె రసం ఐసు లేకుండా తాగింది.

తర్వాతి సారి వచ్చినప్పుడు సారే ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు. బస్సు వచ్చినా ఎక్కలేదు. "అవ్వా, ఆ దినం నేను సగమే చెప్పిన. ఆ ఖండం నడిమిట్ల మన పాలమూరుల పడ్డంత వాన గూడ పడదు. వానైనా ఐసైనా, పైనుంచి పడేది మస్తు తక్కువ. ఏడు ఖండాలల్ల అన్నిటికన్న ఎండినది అదే."

"అబద్ధం చెప్పకు. మరి గన్ని నీళ్లెట్లొచ్చినయి?"

"పడేది జరంతనే. పడ్డది పోనియ్యదు. కరగదు, పారదు. పొర మీద పొర, లెక్కలేనన్ని ఏండ్ల సంది గట్లనే దాసుకుంట వచ్చింది."

ఎప్పుడూ ముడుచుకొని ఉండే పెద్దమ్మ కుడిచేయి విప్పుకొని ఒడిలో పడింది. అట్లా విప్పిన ఆమె అరచేతిని నేను అప్పుడే చూశాను. లేచి, మా బండి దగ్గరికి వచ్చి, గోనెసంచి పక్కకు జరిపి ఐసుగడ్డ మీద చేయి పెట్టింది. చేయి మంట పెట్టేదాకా తియ్యలేదు.

"మనసొంటిదే పాపం. నేను ఊకెనే తిట్టిన" అంది. మళ్లీ సారు వైపు తిరిగి, "ఎవల పేరు మీదుంది అది?" అని అడిగింది.

"ఎవల పేరు మీద లేదవ్వా. మాది మాదని కొన్ని దేశాలంటయి గని, అందరు కూసొని ఒప్పందం చేసుకున్నరు. ఎవలు కొట్లాడొద్దు, ఎవలు కొత్తగ కబ్జా పెట్టొద్దు, చదువుకునెటోళ్లు పోయి చదువుకోవచ్చు అని."

"నిజమా?"

"నిజమవ్వా. మనోళ్లు గూడ పోయి ఆడ ఉండి చదువుతుంటరు."

ఆమె మూట సర్దుకుంటూ ఆ మాటనే నెమరేసుకుంది. పాసింజరు ఎక్కిస్తుంటే కిటికీలోంచి, "ఎవల పేరు మీద లేదంట పిల్లా" అంది, పండగ కబురు చెప్పినట్టు.

మరుసటి ఏడాది వానలు వెనక్కి పోయే సమయానికి ఆసామి ఆ నల్లరేగడి ముక్కను అమ్మేశాడు. ఆమెకు ముందు ఒక్క మాట చెప్పలేదు. పొద్దున విత్తనాల సంచి నెత్తిన పెట్టుకొని పోతే, చేను చుట్టూ రాతి కడీలు నాటి ముళ్లతీగ లాగుతున్నారట. ఎవరిదిరా అంటే, పట్నం సారు కొన్నాడు అన్నారట. ఆమె ఆ సంచి నెత్తి మీద నుంచి దించకుండా అట్లాగే ఇంటికి నడిచి వచ్చింది.

అప్పుడు నేను మా అమ్మకు జ్వరమని ఊళ్లోనే ఉన్నాను. కొన్న సారు కారులో వచ్చాడని తెలిసి పెద్దమ్మ నన్ను వెంట తీసుకొని పోయింది. "నువ్వు చదువుకున్నదానివి, నా పక్కన నిలబడు" అంది. నా అయిదో తరగతి ఆమెకు అంత పెద్ద చదువు.

సారు చెడ్డగా మాట్లాడలేదు. అదే నాకు ఇప్పటికీ మండే సంగతి. తిట్టి ఉంటే మేమూ తిట్టేవాళ్లం. తెల్లబట్టలు, మెత్తటి మాట. పెద్దమ్మ ముళ్లతీగ ఇవతల నిలబడి అడిగింది.

"ఏం వేస్తవు సారూ ఇందుల?"

"ఏం వెయ్యమమ్మా. ఉంచుతాం."

"ఉంచుతరా? ఊకెనేనా?"

"రేటు వచ్చేదాకా. రోడ్డు పడుతుందంటున్నారు కదా."

"రోడ్డు పడేదాంక నేను శనగ వేస్కుంట సారూ. నీళ్లడగ, కరెంటడగ. పైన మంచు పడుతది, నాకు గది చాలు. పండినదాంట్ల నీ పాలు నీకిస్త. నువ్వు కారు తోలుకొని ఎప్పుడొచ్చి లెవ్వమంటే అప్పుడు లేస్త."

"మీరు మంచివారే అనుకోండి. కానీ కౌలుకిస్తే తర్వాత ఇబ్బందులొస్తాయమ్మా. మా లాయరుగారు ఎవరినీ లోపలికి రానివ్వొద్దన్నారు."

"నేను కొత్తగ వస్తలేను సారూ. నేను లోపటనే ఉన్న. నువ్వే ఇప్పుడొచ్చినవు."

ఎండలో నిలబడ్డ ముసలామెను చూసి ఆయనకు జాలి కలిగిందేమో, కారులోంచి చల్లటి నీళ్ల సీసా తెప్పించి తీగ మీదుగా ఇచ్చాడు. "తాగండమ్మా, ఎండగా ఉంది" అన్నాడు.

పెద్దమ్మ సీసా తీసుకుంది. మూత తీసింది. తాగుతుందని అనుకున్నాను. ఒక కడీ దగ్గరికి పోయి, వంగి, దాని మొదట్లో ఆ నీళ్లన్నీ పోసింది. పైరుకు పోసినట్టు నెమ్మదిగా, చుట్టూ తిప్పి పోసింది.

"అదేమిటమ్మా?" అన్నాడు సారు.

"రాళ్లు నాటినవు గద సారూ. నాటినంక నీళ్లు పొయ్యాలె. ఎదుగుతయేమో చూద్దం."

కారు డ్రైవరు కిసుక్కున నవ్వి, సారు మొహం చూసి ఆపుకున్నాడు. సారు కారెక్కి పోయాడు. ఆమె ఖాళీ సీసాకు మూత బిగించి కొంగులో కట్టుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, ఆమె ఎంత బతిమాలిందో. పుట్టి బుద్ధెరిగినాక ఎవరినీ బతిమాలని మనిషి.

ఆ రోజు నుంచి ఆమె ఎటు పోయినా ఆ తోవనే పోయేది. చేతిలో సీసా, సీసాలో నీళ్లు. ఏదో ఒక కడీ మొదట్లో కొంచెం పోసేది. ఊళ్లో వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"పెద్దమ్మా, నీ కడీలు పూతకొచ్చినయా?"

"పూతకొచ్చినయి. నీ ఇంటికి కట్ట పంపాల్నా?"

లోపల సర్కారు తుమ్మ మొలిచింది. దాన్ని కొట్టేవాడు కూడా లేడు. తెల్లవారుజామున మంచు పడేది, ముళ్ల మీద, తీగల మీద, రాళ్ల మీద. మంచు తన పని తాను చేస్తూనే ఉంది. అందుకోవడానికి ఒక్క శనగాకు లేదు. ఒకసారి నేను ఊరికి పోయి ఆమెతో ఆ తోవన నడుస్తూ, మనుషులు లేని భూమి కదా అని, "నీ అంటర్‌కాటిక మన ఊరికే వచ్చింది పెద్దమ్మా" అన్నాను. నవ్విద్దామనే అన్నాను.

ఆమె గిరుక్కున తిరిగింది. కొడవలి చేయి నా మొహం ముందుకు వచ్చింది.

"దాన్ని బద్నాం చెయ్యకు. అది పడ్డ చుక్కను దాసుకున్నది. దాని కడుపుల అది దాసుకున్నది. గిది దాసుకుంటలేదు, దీన్ని దాసిపెట్టిండ్రు. ఆడ దేశాల దేశాల రాజులు ఒక్క దగ్గర కూసొని, అంత దొడ్డ ఖండాన్ని ఎవలది కాదనుకున్నరు. ఈడ మా ఊరోళ్లంత ఒక్క దగ్గర కూసొని, గీ ముక్కను పెద్దమ్మ దున్నుకున్నదని ఒక్క మాటన్నరా? ఒక్కడన్న వచ్చిండా నా ఎంట? ఐసు కంటె అన్యాలం ఉన్నరు మనుషులు. అదన్న చెయ్యి పెడితే కరుగుతది."

నేను ఒక్కదాన్నే కదా వెంట పోయింది. ఆమె దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, నన్ను తన మనిషి అనుకుంది కాబట్టి.

రెండు చలికాలాలు ఆమె పచ్చి శనగ కట్టలు లేకుండానే గద్వాలకు వచ్చింది. మా బండి నీడలో ఊరికే కూర్చునేది. హుళి సీసా లేదు. ఆత్మకూరు సారు వచ్చి పక్కన కూర్చొని ఆ ఖండం సంగతులు చెప్పేవాడు. అక్కడ ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని చెబితే, "ఆరు నెలల పగలుంటే ఎంత పని చేస్కోవచ్చు" అంది. చాలా చాలా కాలం కింద మన భూమీ ఆ భూమీ ఒకదానికొకటి అంటుకొని ఉండేవని, తర్వాత విడిపోయాయని చెబితే, నన్ను పిలిచింది. "విన్నవా పిల్లా? నేను చెప్పలే, పంచుకున్నరని? గీ సారు ఇప్పుడు ఒప్పుకున్నడు." సారు కాదనబోయి ఊరుకున్నాడు.

పోయిన చలికాలం ఆమెను గద్వాల దవాఖానలో చేర్చారు. ఊపిరి ఆడటం లేదు. నోరు ఎండిపోతోందంటే నేను బండి దగ్గర నుంచి చిన్న ఐసు ముక్క గ్లాసులో వేసుకొని పోయాను. నర్సమ్మను అడిగి, పెదవుల మీద రాశాను. కళ్లు తెరిచింది.

"ఏందది?"

"మంచు పెద్దమ్మా" అన్నాను, పాత మాట గుర్తు చేద్దామని.

"ఐసను" అంది. గొంతు లేదు, కానీ కోపం ఉంది. మళ్లీ ఆమే అడిగింది. "మంచు పడుతుందా ఊర్ల?"

"పడుతుంది."

"యాడ?"

ఆమెకు అబద్ధం నచ్చదు. "కడీల మీద" అన్నాను.

ఆమె కుడిచేయి దుప్పటి కింద కొంచెం కదిలింది. పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు, కానీ ఏమందో నాకు తెలుసు. ఆమె పోయింది. ఆ మాటే నా దగ్గర ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పండి. ఎవరూ లేని ఖండం కరిగితే మనకేంది అని ఎవరైనా మా బండి ముందు నిలబడి అంటే నేనెట్లా ఊరుకోవాలి? నీళ్లు కారుతుంటే, దాచుకున్నది దాచుకున్నట్టు పోతుంటే, మా పెద్దమ్మ అయితే ఆ మనిషి చెవి పట్టుకొని, మొహంలో మొహం పెట్టి అడిగేది.

ఫోన్ చూసిన మనిషి నవ్విపోయిన మర్నాడు నేను ఊరికి పోయాను. మా బండి కింద ఒక బకెట్ ఉంటుంది, ఐసుగడ్డ కరిగిన నీళ్లు అందులో కారుతాయి. పారబోసే నీళ్లే. ఒక సీసా నింపుకొని పాసింజరు ఎక్కాను.

చేను దగ్గర కడీలు అట్లాగే ఉన్నాయి. తుమ్మ నా ఎత్తు దాటింది. మొదటి కడీ దగ్గర వంగి నీళ్లు పోస్తుంటే, అటు పక్క నుంచి కావలి మనిషి కర్ర పట్టుకొని వచ్చాడు. కొత్త మనిషి, నన్ను ఎరగడు.

"ఏయ్, ఎవలమ్మా? ఏం చేస్తున్నవు ఆడ?"

"నీళ్లు పోస్తున్న."

"దేనికి?"

"మీ సారు పంటకు. ఎండిపోతదేమోనని."

అతను కడీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "రాళ్లకు నీళ్లేందమ్మా? పిచ్చి గిట్ల లేసిందా?"

"రాళ్లు నాటినోన్ని సారంటరు. నీళ్లు పోసినదాన్ని పిచ్చిదంటరు. నువ్వే చెప్పన్నా, గిదేం ఇన్సాఫు?"

ఆ మాట అంటున్నప్పుడు నా కుడిచేయి దానంతట అదే వంగి గాలిని కోసింది. కావలి మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు. సీసాలో ఇంకా నీళ్లున్నాయి. నేను పక్క కడీ దగ్గరికి నడిచాను.